నాలుగో నిమిషం పలకరింపు

గొళ్ళెం ఎడమ చెవి చచ్చిపోయి ఆరేళ్ళయింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే: అతడూ, అతడి భార్యా. ఐదవ క్లబ్బులో ఆడుతున్న రోజులలో, గాలిలో వస్తున్న బంతికోసం అతడితోపాటు ఎగిరిన మనిషి ఒకడు మోచేతిని ఆ చెవిలో దించాడు. మూడు రోజులు నెత్తురు కారింది. నాలుగవ రోజున నెత్తురు ఆగింది. దానితోపాటు చప్పుడూ ఆగింది. క్లబ్బు డాక్టరు టార్చిలైటు వేసి చూసి, కుడి చెవి మూయించి "వినిపిస్తోందా?" అని అడిగితే, ఆయన పెదవుల కదలికను చదివి "బ్రహ్మాండంగా" అన్నాడు. వెనకనుంచి గోల్‌కీపరు అరిచే అరుపు వినబడని డిఫెండరును ఏ క్లబ్బూ ఉంచుకోదు. అందుచేత అతడు ఆ చెవిని దాచాడు, దొంగ సొత్తును దాచినట్టు.

అతడిది ఫుట్‌బాల్‌లో మూడో డివిజన్ బతుకు. పదహారేళ్ళు, తొమ్మిది క్లబ్బులు. కాలికి బలపం కట్టుకున్నట్టు ఊరినుంచి ఊరికి తిరిగాడు. ఎక్కడికి వెళ్ళినా అదే రేకుల కప్పు, అదే తడిసిన చెక్కబల్లల వాసన, కండరాలకు రాసుకునే మందు ఘాటు, ఎవరో సగం అరగదీసి వదిలేసిన సబ్బుబిళ్ళ. పత్రికలలో అతడి ప్రస్తావన రెండే సందర్భాలలో వచ్చేది: క్లబ్బు మారినప్పుడూ, ఎర్రకార్డు తిన్నప్పుడూ. గోల్ ముందు తలుపు బిగించినట్టు నిలబడతాడు గనుక మొదటి క్లబ్బులోనే గొళ్ళెం అన్నారు. ఆ పేరు అతడికంటే ముందే తరువాతి క్లబ్బుకు చేరుతూ ఉండేది.

అయితే క్లబ్బులు అతడిని పిలిపించుకొన్నది తలుపు బిగించడానికి మాత్రమే కాదు. ఆ రెండవ పనికి ఆటగాళ్ళలో ఒక పేరుంది. పలకరింపు.

ఆ మాటను అతడికి పద్దెనిమిదేళ్ళ వయసులో నేర్పినవాడు మొదటి క్లబ్బు కోచ్. అందరూ ఆయనను పెద్దాయన అనేవారు. మైదానం వెనక పాత షెడ్డులో, సరిగ్గా మనిషి మోకాలికీ చీలమండకూ నడుమ ఎత్తున, దూలానికి ఒక ఇసుక సంచిని వేలాడగట్టించాడు. ఆటగాళ్ళు ఒకరి వెనక ఒకరు పరుగున వచ్చి, నేలమీద జారి, బూటు అడుగుతో దానిని తన్నాలి.

"వినండ్రా," అనేవాడాయన, చేతులు వెనక్కి కట్టుకొని. "మొదటి పది నిమిషాల్లో ఏ రిఫరీ కార్డు తీయడు. ఆట చెడగొట్టాడంటారని వాడికి భయం. ఆ పది నిమిషాల్లో ఎదుటి జట్టులో మొనగాడెవడో చూసుకుని, వెళ్ళి ఒకసారి పలకరించండి. కాలు విరగక్కర్లేదు. ఆ కాలికి మీరు గుర్తుండాలి, అంతే." ఆపైన గొంతు పెంచేవాడు. "మొదటి పది నిమిషాలు ఎవరివి?"

"మావి!" అని షెడ్డు రేకులు అదిరేటట్టు అందరూ అరవాలి. గొంతు చాలనివాడు ఇరవైసార్లు సంచిని తన్నాలి.

ఆ మాట పెద్దాయన శిష్యులతోపాటు క్లబ్బులు మారి డివిజన్ అంతటా పాకింది. 'వాడి కాలు తన్ను' అని ఏ కోచ్ కూడా నోరు తెరిచి అనలేదు. పలకరించమన్నారు. ఎవరు విన్నా అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. దెబ్బ తిన్నవాడు స్ట్రెచర్ మీద వెళుతూ ఉంటే, పంపినవాడు బల్లమీద కూర్చొని నీళ్ళు తాగుతూ ఉండేవాడు. దుస్తులు మార్చుకునే గదిలో దానిమీద హాస్యాలు కూడా పుట్టాయి.

"ఏం గొళ్ళెం, ఇవాళ ఎవరింట్లో పలకరింపు?"

"ఆగరా, ఇంకా ఎవరూ పోలేదు కదా!"

అందరూ విరగబడి నవ్వేవారు. గొళ్ళెం నవ్వేవాడు కాదు. బూట్ల తాళ్ళు బిగించుకునేవాడు. పదహారేళ్ళలో పదిమంది అతడి కాలికింద పడి, తమంతట తాము లేవలేక స్ట్రెచర్ మీద వెళ్ళారు. ముగ్గురు మళ్ళీ ఆడలేదు. వారి ముఖాలు అతడికి జ్ఞాపకం లేవు. నంబర్లు, ఎముకలు జ్ఞాపకం ఉన్నాయి. పదకొండో నంబరు, కుడి మోకాలు. ఏడో నంబరు, ఎడమ చీలమండ.

తొమ్మిదవ క్లబ్బు కోచ్ వేరే తరహా మనిషి. ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి, ఆ పాఠశాల జట్టును నాలుగేళ్ళు వరసగా గెలిపించి, ఆ పేరుమీద ఇక్కడికి వచ్చాడు. ఈ డివిజన్‌లో ఆయన ఒక్క ఆట కూడా ఆడినవాడు కాదు. నల్లబల్లమీద గీతలు గీసి కోణాలు వివరించేవాడు. అందరినీ 'నాయనా' అనేవాడు. ఆటగాళ్ళు ఆయనను ముందర మాస్టారనీ, వెనక త్రికోణమనీ పిలిచేవారు. ఎనిమిది నెలలలో ఆయన నోట పలకరింపు అన్న మాట గొళ్ళెం ఒక్కసారీ వినలేదు. మొదట ఆశ్చర్యపడ్డాడు, తరువాత కలవరపడ్డాడు. ముప్పై నాలుగేళ్ళు నిండాయి. పరుగు తగ్గింది. సీజన్‌లో మూడు ఆటలే మిగిలాయి. ఒప్పందం పొడిగిస్తారా అని అడిగితే ఛైర్మన్ భుజం తట్టి, "ఈ మూడూ చూద్దాం తమ్ముడూ" అన్నాడు. తనకు తెలిసిన పని ఎవరూ చెప్పని చోట తనను ఎందుకు ఉంచుకుంటారు?

ఆ మూడింటిలో మొదటి ఆట రోజున, మైదానంలోకి వెళ్ళే ఇరుకు దారిలో రెండు జట్లూ వరసగా నిలబడ్డాయి. పైన చెక్క మెట్లమీద జనం కాళ్ళతో దరువు వేస్తున్నారు. దుమ్ము నెత్తిన రాలుతోంది. మాస్టారు వెనకనుంచి వచ్చి గొళ్ళెం భుజంమీద చేయి వేశాడు. వచ్చింది ఎడమ వైపునుంచి. చాలాసేపు ఏదో చెప్పాడు. గొళ్ళెం ముఖం తిప్పి పెదవులు చూసేసరికి అక్కడక్కడ ముక్కలే దొరికాయి.

"…తొమ్మిదో నంబరు… ఆట మొదలు… వెళ్ళి ఒకసారి పలకరించు."

'ఈయన కూడానా?' అనుకున్నాడు గొళ్ళెం. మరుక్షణమే ప్రాణం లేచి వచ్చినట్టయింది. తన పని తనకు తిరిగి వచ్చింది. తల ఊపాడు. మాస్టారు సంతోషంగా అతడి వీపు నిమిరి ముందుకు వెళ్ళిపోయాడు.

తరువాత ఎదుటి వరస చూశాడు. తొమ్మిదో నంబరు పిచ్చుక.

పిచ్చుక అన్నది పొట్టిగా, చురుకుగా ఉండే ఆ స్ట్రైకరుకు నాలుగవ క్లబ్బులో గొళ్ళెం తానే పెట్టిన పేరు. అక్కడ రెండేళ్ళు ఇద్దరూ ఒకే అద్దె గదిలో ఉన్నారు. ఏ చుట్టరికమూ లేకపోయినా ఒకరినొకరు 'బావా' అని పిలుచుకున్నారు. పిచ్చుక తండ్రి బస్సు డ్రైవరు. సెలవు దొరికినప్పుడల్లా క్యారియరు నిండా అన్నం పట్టుకొని గదికి వచ్చేవాడు. బూట్ల అడుగులు ఊడిపోతే తన కొడుకువీ గొళ్ళెంవీ పక్కపక్కన పెట్టుకొని జిగురు వేసి, పైన ఇటుకరాళ్ళు బరువు పెట్టేవాడు. గొళ్ళేన్ని 'పెద్దోడా' అనేవాడు. తండ్రి లేకుండా పెరిగిన గొళ్ళేనికి ఆ పిలుపు ఎంత తియ్యగా ఉండేదో ఆయనకు తెలియదు.

ఆట మొదలయ్యేముందు కరచాలనాలు జరిగాయి. పిచ్చుక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతడు గొళ్ళెం చేతిని వదలకుండా పట్టుకొన్నాడు, ఏదో ఒక మాటకోసం ఎదురుచూస్తున్నవాడిలాగా. గొళ్ళెం తల దించుకొని చేయి లాక్కున్నాడు. పలకరించవలసిన మనిషి ముఖం చూడకూడదని పెద్దాయన చెప్పిన ఇంకొక పాఠం.

నాలుగవ నిమిషంలో బంతి పిచ్చుకకు వచ్చింది. దానిని ఆపి, ఎడమ కాలిమీద బరువు వేసి, కుడివైపు తిరగబోయాడు. ఆ బరువు నిలిచిన కాలినే గొళ్ళెం చూశాడు. ఆరడుగుల దూరంనుంచి నేలకు ఒరిగి జారాడు. తడి గడ్డి అతడిని ఇంకా వేగంగా మోసుకుపోయింది. రెండు బూట్లూ ముందుకు చాచాడు. బంతి అప్పటికే వెళ్ళిపోయింది. అతడి కుడి బూటు అడుగు పిచ్చుక కాలి ముందెముకకు నడిమధ్యన తగిలింది.

విరిగిన చప్పుడు గొళ్ళేనికి చెవితో వినబడలేదు. తన మడమగుండా, మోకాలిగుండా, దవడదాకా పాకింది. లేచి చూస్తే పిచ్చుక కాలు మోకాలి కింద ఇంకొక మోకాలు ఉన్నట్టు వంగి ఉంది. మేజోడు చిరిగి అందులోనుంచి తెల్లటి మొన బయటికి పొడుచుకొచ్చింది. పిచ్చుక అరవలేదు. రెండు చేతులతో గడ్డి పీకుతున్నాడు, పిడికెళ్ళ కొద్దీ, ఆపకుండా. నెత్తురు గొళ్ళెం చొక్కామీదా చెంపమీదా చిమ్మింది.

రిఫరీ పరుగున వచ్చి ఎర్రకార్డు ఎత్తాడు. మాస్టారు గీత దాటి మైదానంలోకి దూసుకొచ్చాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"ఏం చేశావయ్యా? ఏం చేశావు?"

ఈ నటన ఎందుకో గొళ్ళేనికి బోధపడలేదు. అందరూ చూస్తూండగా గట్టిగా అరిచాడు.

"మీరేగా పలకరించమన్నారు!"

మైదానంలో ఉన్న ఇరవైమందికీ ఆ మాట అర్థం తెలుసు. ఎదుటి జట్టు కెప్టెన్ మాస్టారు మెడ పట్టుకొని ముఖంమీద గుద్దాడు. కళ్ళద్దాలు పగిలి ఒక గాజుముక్క కనుబొమలో దిగింది. పడిపోయిన మనిషిని ఇద్దరు ముగ్గురు బూటుకాళ్ళతో తన్నారు. "లెక్కలు చెప్తావురా? ఈ లెక్క కూడా చెప్పు!" అంటున్నాడొకడు. మాస్టారు చేతులు అడ్డం పెట్టుకొని, "నాయనా, నేనేమన్నాను? నేనేమన్నాను?" అని మాత్రమే అంటున్నాడు. పోలీసులు వచ్చి విడదీసేసరికి ఆయన నోట్లో ముందు పళ్ళు రెండు లేవు.

మధ్యాహ్నానికల్లా గొళ్ళెం ఇంట్లో ఉన్నాడు. అతడి భార్య ఆసుపత్రి దుప్పట్లు ఉతికే కేంద్రంలో యంత్రాలు నడుపుతుంది. మరకలగురించి ఆమెకు తెలియనిది లేదు. సంచిలోనుంచి చొక్కా తీసి, మరకను వేలితో తడిమింది.

"ఇది మీది కాదు."

"కాదు."

"చల్లనీళ్ళలో నానబెట్టాలి. వేడినీళ్ళు తగిలితే ఇక వదలదు. ఎవరిది?"

"పిచ్చుకది."

ఆమె చేతిలో బకెట్టు ఆగింది. "మన పెళ్ళికి బస్సు నడిపిన ఆయన కొడుకా?"

ఆమె చొక్కాను నీళ్ళలో వేయలేదు. మడతపెట్టి, మరక పైకి కనిపించేలా, బల్లమీద అతడి కంచం పక్కన పెట్టింది. "అన్నం తినండి," అంది. "దీన్ని చూస్తూ తినండి."

మర్నాడు ఛైర్మన్ తన ఆఫీసుకు పిలిపించుకొన్నాడు. తలుపు తానే మూశాడు.

"సమాఖ్యవాళ్ళు విచారణ పెట్టారు తమ్ముడూ. శుక్రవారం. నువ్వేం భయపడకు. మైదానంలో ఒక మాటన్నావు చూడు, బంగారంలాంటి మాట. అదే అక్కడా చెప్పు. కోచ్ పలకరించమన్నాడు, నేను పలకరించాను. అంతే. ఆయన్ని జీవితాంతం ఆటనుంచి వెలివేస్తారు. నీకు మూడు నెలలు. ఆ తర్వాత మనకి రెండేళ్ళ ఒప్పందం."

"మాస్టారి సంగతి?"

"ఆ త్రికోణం ఎలాగూ పోవాల్సినవాడే. మనకి సరిపడడు." ఛైర్మన్ నవ్వాడు. "నువ్వు అబద్ధమేమీ ఆడక్కర్లేదయ్యా. అన్నాడా లేదా?"

"అన్నాడు."

"మరింకేం?"

నిజమే, అబద్ధమేమీ లేదు. గొళ్ళెం మెట్లు దిగుతూ ఆ మాటే అనుకొన్నాడు. రెండేళ్ళ ఒప్పందం అతడికి ఏ క్లబ్బూ ఎప్పుడూ ఇవ్వలేదు. అయినా కాళ్ళు ఇంటివైపు కాక ఆసుపత్రివైపు నడిచాయి.

ఎముకల వార్డులో ఆరో మంచం. పిచ్చుక కాలికి ఇనప చట్రం బిగించి, చర్మంలోనుంచి ఎముకకు నాలుగు కమ్మీలు గుచ్చారు. కమ్మీల మొదళ్ళ దగ్గర దూది పసుపు రంగుకు తిరిగింది. గొళ్ళెం మంచం పక్కన నిలబడ్డాడు.

"బావా," అన్నాడు.

"దగ్గరికి రా. వినపడదు." పిచ్చుక గొంతు మెల్లగా ఉంది.

గొళ్ళెం వంగాడు. పిచ్చుక రెండు చేతులతో అతడి కాలరు పట్టుకొని, శక్తికొద్దీ లాగి, నుదుటిని మంచం ఇనపచువ్వకేసి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పక్క మంచం రోగి కేకలు వేశాడు. గొళ్ళెం విడిపించుకోలేదు. కనుబొమ పగిలి నెత్తురు దుప్పటిమీద కారింది.

"మా నాన్నగురించి ఒక్క మాటంటావని చూశాను రా," అన్నాడు పిచ్చుక రొప్పుతూ. "కరచాలనం అప్పుడు. ఒక్క మాట."

"నాన్నకేమైంది?"

పిచ్చుక అతడిని వింతగా చూశాడు. "పోయి పదిహేను రోజులైంది. మీ మాస్టారు నీకు చెప్పానన్నాడే."

"మాస్టారు వచ్చాడా?"

"నిన్న. నోటికి గుడ్డ కట్టుకుని వచ్చి, ఇదిగో, ఈ స్టూలుమీద కూర్చుని ఏడ్చాడు. 'తొమ్మిదో నంబరువాళ్ళ నాన్నగారు పోయారట, మీరు పాత స్నేహితులట కదా నాయనా, ఆట మొదలుకాకముందే వెళ్ళి ఒకసారి పలకరించు' అని చెప్పాడట నీకు. నువ్వు తల కూడా ఊపావట." పిచ్చుక చేతులు కాలరు వదిలేశాయి. "ఆయనకి మన మాట తెలియదు బావా. ఇళ్ళల్లో అందరూ అనే మాటే అన్నాడు పాపం."

గొళ్ళెం స్టూలుమీద కూలబడ్డాడు. చచ్చిన చెవిలో పదహారేళ్ళ రేకుల చప్పుడు మోగుతున్నట్టయింది. చావు జరిగిన ఇంటికి వెళ్ళి నాలుగు మాటలు చెప్పి ఓదార్చడాన్ని లోకమంతా ఏమంటుందో, అతడికి ఆ క్షణంలో స్ఫురించింది. తల్లినోట, అక్కనోట, ఇరుగుపొరుగు నోట చిన్ననాడు వందసార్లు విన్న మాట. దానిని ఒక ఇసుక సంచి ముందు నిలబడి మరిచిపోయాడు.

"ఎప్పుడు… ఎలా పోయాడు?" అన్నాడు.

"పో," అన్నాడు పిచ్చుక గోడవైపు తిరిగి. "ఇప్పుడు కాదు. పో."

శుక్రవారంనాడు సమాఖ్య కార్యాలయంలో, ఆకుపచ్చ గుడ్డ పరిచిన పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. నడుమ ఒక విశ్రాంత న్యాయమూర్తి, అరవై అయిదేళ్ళ స్త్రీ. చేతిలో పెన్సిలు, ఎదట తెల్ల కాగితాలు. ఆమెకు కుడివైపున ఒక వైద్యుడు. ఎడమవైపున, ఇస్త్రీ చేసిన కోటు వేసుకొని, చేతులు బల్లమీద ముడిచిపెట్టి, పెద్దాయన.

గొళ్ళేనికి ఆయన అక్కడ ఉంటాడని తెలియదు. ఆయన మాత్రం ఇతడిని ఎన్నడూ చూడనట్టే చూశాడు.

గోడ పక్కన మాస్టారు కూర్చొని ఉన్నాడు. కనుబొమమీద కుట్లు, వాచిన పెదవి. ఆయన వెనక ఛైర్మన్. తలుపు దగ్గర, ఒక కాలు ఈడ్చే అటెండరు ట్రేలో మంచినీళ్ళ గ్లాసులు సర్దుతున్నాడు.

"పలకరించడం అన్న మాటకు మీ ఆటలో వేరే అర్థం ఉందని రిఫరీ రాశారు," అంది న్యాయమూర్తి. "సమాఖ్య తరపున మీరు చెప్పండి. నిజమేనా?"

పెద్దాయన గొంతు సవరించుకొన్నాడు. "ఉందనే వింటున్నానమ్మా. మా కాలంలో లేదు. ఆట తెలియనివాళ్ళు కోచ్‌లుగా వచ్చాక పుట్టిన జబ్బు ఇది. గెలవడం చేతకాక, కుర్రాళ్ళకి ఇలాంటి పాడు మాటలు నూరిపోస్తున్నారు." ఆయన మాస్టారివైపు చేయి చాపాడు. "ఇలాంటివాళ్ళని ఆట గడప తొక్కనివ్వకూడదు."

మాస్టారు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఆయనకు ఇప్పటికీ ఆ రెండవ అర్థం సగమే అర్థమైంది.

న్యాయమూర్తి గొళ్ళేన్ని కుర్చీలోకి పిలిచింది. "నీ కోచ్ నిన్ను పలకరించమన్నాడా?"

"అన్నారండి."

ఛైర్మన్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏ అర్థంతో?"

గొళ్ళెం ఎదటి గ్లాసువైపు చూశాడు. ఒక్క మాట చెబితే రెండేళ్ళు. రెండేళ్ళ తరువాత ముప్పై ఆరు. ఆ తరువాత ఎవరూ అడగరు. తాను ఈ ప్రపంచంలో మరొక పని నేర్చుకోలేదు. పెద్దాయన ముఖంలోకి మొదటిసారిగా సూటిగా చూశాడు. ఆ ముఖంలో ఒక చిన్న ధీమా ఉంది: వీడు మనవాడే.

"నాకు ఎడమ చెవి వినపడదండి," అన్నాడు. "ఆరేళ్ళయింది. డాక్టర్లకి అబద్ధం చెప్పాను. మాస్టారు ఆ రోజు ఎడమవైపు నిలబడి, తొమ్మిదో నంబరువాళ్ళ నాన్న చనిపోయాడు, వెళ్ళి పలకరించు అన్నారు. నాకు చివరి మాటే అందింది. ఆయన మామూలు మనిషి. మామూలు మాటే చెప్పారు. కాలు విరగ్గొట్టింది నేను. అర్థం నాదండి."

ఛైర్మన్ పళ్ళ మధ్యనుంచి ఏదో తిట్టాడు.

"నీకు ఆ అర్థం ఎవరు నేర్పారు?" అంది న్యాయమూర్తి.

"వీరు." గొళ్ళెం వేలు పెద్దాయనవైపు నిలబడింది.

"అబద్ధం!" పెద్దాయన బల్ల చరిచాడు, గ్లాసు దొర్లి నీళ్ళు కాగితాలమీద పారాయి. "చేసిన పాపం కప్పిపుచ్చుకోవడానికి పెద్దల్ని లాగుతున్నాడు. ఈ మనిషి ఎవడో నాకు తెలియదు!"

"షెడ్డులో ఇసుక సంచి కట్టించారండి. మోకాలి కింద ఎత్తులో. రోజూ తన్నించేవారు. తన్నేముందు అరిపించేవారు." గొళ్ళెం గొంతులో కోపం లేదు, ఒప్పజెప్పుకుంటున్నవాడి గొంతు. "మొదటి పది నిమిషాలు ఎవరివి, అని అడిగేవారు. మేమంతా—"

"మావి!"

ఆ కేక తలుపు దగ్గరనుంచి వచ్చింది. అటెండరు ట్రే పట్టుకొని బిగుసుకుపోయి నిలబడి ఉన్నాడు. ఆ మాట తన నోటినుంచి వచ్చిందని అతడికే నమ్మకం కుదరనట్టుంది.

న్యాయమూర్తి పెన్సిలు కింద పెట్టింది. "మీరు కూడా ఆడేవారా?"

"ఆడేవాణ్ణమ్మా. వీరి దగ్గరే. గొళ్ళేనికంటే ఆరేళ్ళు ముందు." అటెండరు తన వంకర కాలివైపు చూసుకొన్నాడు. "నేను నలుగుర్ని పలకరించాను. అయిదోవాడు నన్ను పలకరించాడు. వాడూ ఈయన శిష్యుడే."

న్యాయమూర్తి తడిసిన కాగితాలను పక్కకు నెట్టింది. తరువాత పెద్దాయనవైపు తిరిగి, గొంతు పెంచకుండా అంది: "మీరు ఆ కుర్చీలోంచి లేవండి. లేచి, ఈ కుర్చీలో కూర్చోండి."

గొళ్ళెం లేచాడు. పెద్దాయన కదలలేదు. వైద్యుడు తన కుర్చీని ఆయనకు దూరంగా జరుపుకొన్నాడు. చివరకు ఆ ముసలివాడు బల్ల అంచు పట్టుకొని, చుట్టూ తిరిగి వచ్చి, గొళ్ళెం ఒంటి వేడి ఇంకా ఆరని కుర్చీలో కూర్చున్నాడు.

సాయంత్రానికి తీర్పు వచ్చింది. మాస్టారు నిర్దోషి. పెద్దాయనపై విచారణకు మరో తేదీ. గొళ్ళెం ఈ జన్మలో ఏ క్లబ్బుకూ ఆడరాదు. అతడు కాగితం అందుకొని సంతకం చేశాడు. శిక్ష ఎక్కువైందని అతడికి అనిపించలేదు.

వరండాలో మాస్టారు అడ్డం వచ్చాడు. రావడం కుడివైపునుంచే వచ్చాడు.

"చెవిసంగతి నాకెందుకు చెప్పలేదు నాయనా?" పళ్ళు లేని నోటినుంచి మాటలు గాలితో కలిసి వచ్చాయి.

"చెప్తే ఆడనిచ్చేవారా?"

"ఆడనిచ్చేవాణ్ణి. కుడివైపు నిలబడి మాట్లాడేవాణ్ణి."

అంతమాత్రం అని ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. క్షమించాననలేదు. ఇనప చట్రం బిగించిన ఆ కాలిని చూసివచ్చిన మనిషి ఆ మాట అనగూడదు కూడా.

ఇంట్లో భార్య చొక్కాను ఇంకా బల్లమీదే ఉంచింది. మరక గోధుమరంగుకు తిరిగి గట్టిపడింది. గొళ్ళెం ఒక కాగితం తీసుకొని నంబర్లు రాశాడు. తెలిసినచోట ఊరు, క్లబ్బు, ఏ కాలో రాశాడు. ఆమె భుజంమీదుగా చూసింది.

"పదకొండుమందా?"

"పిచ్చుకతో."

"పిచ్చుక ఇప్పుడు రమ్మనడు. ఎక్కణ్ణుంచి మొదలుపెడతారు?"

"మొదటినుంచి."

ఆదివారం ఉదయం అతడు రెండు బస్సులు మారి ఒక రహదారి పక్కన దిగాడు. టైర్లు బాగుచేసే షాపు. ఒక నడివయసు మనిషి లారీ చక్రం ముందు చతికిలబడి, పొడుగాటి ఇనపకడ్డీతో టైరు అంచును చక్రంనుంచి ఊడదీస్తున్నాడు. అతడి కుడి మోకాలు మడవడంలేదు. ఆ కాలు నేలమీద తిన్నగా, కర్రలాగా చాచి ఉంది. పదకొండో నంబరు. ముఖాన్ని గొళ్ళెం ఇప్పుడే మొదటిసారి చూశాడు.

"పంక్చరా? బండేది?" అన్నాడు ఆ మనిషి తల ఎత్తకుండా.

"బండి లేదండి."

ఆ మనిషి తల ఎత్తాడు. చూశాడు. పదహారేళ్ళూ ఆ కళ్ళలో ఒక్కసారిగా కదిలాయి. కడ్డీమీద చేతివేళ్ళు తెల్లబడ్డాయి.

"నువ్వా? ఎందుకొచ్చావు?"

"పలకరించడానికి," అన్నాడు గొళ్ళెం.

ఆ మనిషి కడ్డీని నేలకు ఊతంగా మోపి లేచాడు. లేచాక దానిని ఊతంగా ఉంచుకోలేదు. ఇనుము గాలిలో లేచి దిగడం గొళ్ళెం స్పష్టంగా చూశాడు. ఎక్కడికి వస్తోందో కూడా చూశాడు, ఎందుకంటే ఆ ఎత్తు అతడికి బాగా తెలుసు. తప్పించుకోవడానికి ఒక్క అడుగు చాలు.

అతడు కాలు వెనక్కి తీయలేదు.